పక్క టెంటు ఆవిడ

"అమ్మడూ, అగ్గిపెట్టుందేటి?"

టెంటు గుమ్మంలో ఎవరో కొత్త మనిషి. నలభై దాటి ఉంటాయి. నేత చీర, కాళ్ళ నిండా బురద.

అడిగింది చిన్మయిని. ఆ పిల్ల చేతిలో బొమ్మ వదిలేసి మామ్మ వెనక్కి చేరిపోయింది.

"అది మాట్లాడదమ్మా," అంది కామేశ్వరమ్మ. "వేసవిలో వాళ్ళమ్మ పోయింది. అప్పట్నుంచీ నోరు విప్పలేదు."

ఈ మాట విన్నవాళ్ళందరూ అయ్యో అంటారు. పిల్ల తల నిమురుతారు. కొందరు కళ్ళొత్తుకుంటారు.

ఆవిడ అయ్యో అనలేదు.

"అలాగా? అయితే ఎక్కడుందో వేలెట్టి సూపించు," అంది, మళ్ళీ చిన్మయితోనే.

రాతిగుండె మనిషి, అనుకుంది కామేశ్వరమ్మ.

చిన్మయి సంచీ వైపు వేలు చూపించింది. ఆవిడ అగ్గిపెట్టె తీసుకుని చెట్ల మధ్యనున్న పక్క టెంటులోకి వెళ్ళిపోయింది.

"ఊరికాని ఊళ్ళో ఈ అరువులేవిట్రా?" అంది కామేశ్వరమ్మ కొడుకుతో.

అసలు కామేశ్వరమ్మకి ఈ ప్రయాణమే ఇష్టం లేదు. నర్సీపట్నంలో నిక్షేపంలాంటి డాబా ఇల్లు వదిలి, తాండవ రిజర్వాయరు ఒడ్డున గుడ్డ గోడల మధ్య పడుకోవడమేమిటి? ఇటు చూస్తే నీళ్ళు. అటు చూస్తే అడవి. ఏ పురుగొస్తుందో, ఏ పుట్రొస్తుందో. పిల్ల రెండడుగులు వేస్తే చాలు, ఆవిడ ప్రాణం పైపైకి వచ్చేస్తోంది.

"చోటు మారిస్తే మంచిదని డాక్టరుగారే అన్నారమ్మా," అన్నాడు రవికాంత్. "ఒక్క మాట దానంతటది పలికితే చాలట. తర్వాత అన్నీ అవే వస్తాయట."

"చోటు మారితే మాటొస్తుందా? జలుబొస్తుంది."

రవికాంత్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

మధ్యాహ్నం భోజనాలవుతుండగా ఆవిడ మళ్ళీ వచ్చింది.

"అమ్మడూ, నిమ్మకాయుంటే ఒకటి ఇద్దూ."

కామేశ్వరమ్మ ఇవ్వబోతే వినిపించుకోలేదు. కాళ్ళ బురదతో చాప మీదకొచ్చి బుట్ట ముందు చతికిలబడింది. బంగాళాదుంప తీసి పిల్లకి చూపించింది.

"ఇదేటి, నిమ్మకాయ?"

చిన్మయి అడ్డంగా తలూపింది.

ఉల్లిపాయ తీసింది. "పోనీ ఇదేటి?"

చిన్మయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి.

కామేశ్వరమ్మ ఇదేమీ చూడలేదు. కొత్త చాప మీద బురద మరకల్నే చూస్తోంది.

"ఇంత దూరం వచ్చేటప్పుడు ఓ నిమ్మకాయ కూడా తెచ్చుకోరా అమ్మా?" అంది ఉండబట్టలేక.

"మరుపండీ," అని నవ్వి వెళ్ళిపోయింది ఆవిడ.

పొద్దు కొండల వెనక్కి దిగింది. నీళ్ళ మీద ఎరుపు మెల్లగా నలుపవుతోంది. రవికాంత్ బకెట్టుతో నీళ్ళకి వెళ్ళాడు. కామేశ్వరమ్మ చిన్న ప్రమిద వెలిగించి టెంటు ముందు పెట్టింది.

"అమ్మడూ, ఉప్పుందేటి?"

కామేశ్వరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"దీపాలు పెట్టే వేళ ఉప్పడుగుతారటమ్మా ఎవరైనా? ఇంట్లో లక్ష్మి వెళ్ళిపోతుంది."

"రవ్వంతేనండీ. అమ్మడు ఇస్తాదిలెండి."

"ఇవ్వదు. నేనివ్వనివ్వను. మా ఇంట్లోంచి వెళ్ళిపోయినవాళ్ళు చాలు. ఇంక మా టెంటుకి రాకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను!"

గొంతు అంత పైకి లేస్తుందని కామేశ్వరమ్మే అనుకోలేదు.

ఆవిడ మొహం చిన్నబోలేదు. చిన్మయి వంక ఓసారి చూసి, మెల్లగా చెట్ల మధ్యకి నడిచింది.

ఆ వెళ్ళే వీపునే చూస్తోంది చిన్మయి. పెదవులు వణికాయి.

"ఇచ్చెయ్ మామ్మా."

కామేశ్వరమ్మ కదల్లేదు. అడవిలోంచి వచ్చిందేమో ఆ గొంతు అనుకుంది.

ఒడ్డెక్కి వస్తున్న రవికాంత్ బకెట్టు వదిలేశాడు. నీళ్ళన్నీ కాళ్ళ మీద పోయాయి.

"ఏమన్నావురా బంగారం? ఏదీ, మళ్ళీ అను."

"ఉప్పిచ్చెయ్యమన్నాను నాన్నా. పాపం ఆంటీ. మనకింకా ఉంది కదా."

రవికాంత్ ఆ తడి నేల మీదే కూర్చుని, పిల్లని ఒళ్ళోకి లాక్కుని భోరుమన్నాడు.

కామేశ్వరమ్మ ఉప్పు డబ్బా మొత్తం చంకన పెట్టుకుంది. దీపాల వేళ గుర్తులేదు, పురుగూ పుట్రా గుర్తులేదు. చెప్పుల్లేకుండానే పక్క టెంటుకి పరిగెత్తింది.

అక్కడ టెంటు లేదు. క్యాంపు చూసుకునే మత్స్యరాజు గుడ్డ మడత పెడుతున్నాడు.

"ఆవిడేదయ్యా?"

"సత్యలక్ష్మిగారాండి? ఇప్పుడే నాతవరం ఆటో ఎక్కీసినారండి."

"అదేమిటి? వంటకి ఉప్పు కావాలంది కదా!"

"వొంటేటండీ, మజ్జానమే సామానంతా కట్టీసినారు. ఆటో వొచ్చి ఎప్పుటినుంచో ఆగుంది. బేగి రండమ్మా అంటే, ఒక్క పనుంది ఆగు అని మీ టెంటుకే వొచ్చినారు."

దూరంగా గట్టు మీద ఆటో వెనక లైటు ఎర్రగా మలుపు తిరిగింది. కామేశ్వరమ్మ చెయ్యెత్తింది.

వెనక తమ టెంటు దగ్గర్నుంచి చిన్మయి గొంతు వినిపిస్తూనే ఉంది. ఆంటీ ఎక్కడికెళ్ళింది, మళ్ళీ ఎప్పుడొస్తుంది, మనమూ వాళ్ళూరు వెళ్దామా అని నాన్నని ఊపిరి తిప్పుకోనివ్వకుండా అడుగుతోంది.

"మరి ఏమీ అక్కర్లేకుండా పొద్దుట్నుంచీ మమ్మల్ని ఎందుకడిగిందయ్యా ఆవిడ?"

మత్స్యరాజు మడత ఆపి, తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"పోయినేడు కూతుర్ని పోగొట్టుకుని నోట మాట లేకండా ఇక్కడికొచ్చింది ఆవిడేనండి, పక్క టెంట్లో మీలాటి పెద్దావిడొకరు అదుందా, ఇదుందా అని అడిగడిగి ఆవిడ సేత మాటాడించినారండి."