లతీఫ్ కుట్టిన జెండా

అద్దాల పెట్టెలో జెండా ఉంది. దాని కింద అట్టముక్క మీద పేరు మాత్రం తప్పుంది.

అనసూయ వేదిక మెట్ల దగ్గరే ఆగిపోయింది. ‘స్వాతంత్ర్య సమరయోధులు వీరరాఘవయ్యగారు 1930లో మచిలీపట్నంలో ఎగరవేసిన జెండా’ అని రాసుంది. వీరరాఘవయ్య ఆమె తాత.

“నేను రాసిచ్చింది ఇది కాదుగా?” అంది.

ప్రదర్శన కమిటీ పెద్ద చంద్రశేఖర్ నవ్వాడు. “తర్వాత మాట్లాడుకుందామండీ. జనం వచ్చేశారు. ముందు మీరు కూర్చోండి.”

అనసూయ గుడివాడలో సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. పాత జాతీయ జెండాలు సేకరించడం ఆమెకి ముప్ఫై ఏళ్ళ పిచ్చి. అవనిగడ్డలో పాత సామాన్ల కొట్లో ఒకటి, నాగాయలంకలో ఎవరింటి అటక మీదో ఒకటి, అలా ముప్ఫై ఏడు పోగేసింది. నేత చూసి, రంగు చూసి, రాట్నమో చక్రమో చూసి ఏ కాలం నాటిదో చెప్పేస్తుంది.

మొదటిది మాత్రం ఆమె సేకరించింది కాదు. తాత ట్రంకుపెట్టెలో దొరికింది. ముతక ఖద్దరు. పైన తెలుపు, మధ్యన ఆకుపచ్చ, అడుగున ఎరుపు, మూడింటి మీదా పరుచుకున్న పెద్ద రాట్నం. కాషాయం రాకముందు నాటి జెండా. దాని సంగతి తేల్చుకోవాలనే మిగతావన్నీ వెతికింది.

వాళ్ళింట్లో ఉంది కాబట్టి వాళ్ళ తాతే ఎగరేసి ఉంటాడని ఎప్పుడో ఒక విలేకరి రాశాడు. నాన్న అవునన్లేదు, కాదన్లేదు. అలా వీరరాఘవయ్య సమరయోధుడైపోయాడు.

రెండేళ్ళ క్రితం, మడిచి కుట్టిన అంచు లోపల ఎర్రదారంతో రెండు ఉర్దూ అక్షరాలు అనసూయ కంటపడ్డాయి. జెండా పట్టుకుని బందరులో దర్జీ కొట్లన్నీ తిరిగింది. పదకొండో కొట్టు సఫియాది. అక్కడ మిషను పక్కన కుర్చీలో పాత బొంత ఒకటి వేసుంది. దాని మూలన కూడా అవే అక్షరాలు.

“ఐన్, లామ్. అబ్దుల్ లతీఫ్. మా దాదా గుర్తండీ ఇది,” అంది సఫియా. “జెండా ఎగరేసి ఆర్నెల్లు జైల్లో ఉన్నారని మా నాన్న చెప్పేవారు. ఒక్కళ్ళూ నమ్మేవాళ్ళు కాదు. కాగితం లేదుగా మరి.”

సఫియా ఆ జెండాని కళ్ళకద్దుకుంటుంటే అనసూయ తల పక్కకి తిప్పుకుంది.

లతీఫ్ పేరే పెట్టాలని కమిటీకి రాసిచ్చింది. అది తెలిసి తమ్ముడు ఫోన్ చేశాడు.

“మన తాత పేరు మనమే తీయించుకుంటామా అక్కా? నాన్న ఊరుకున్నాడు. నువ్వూ ఊరుకో.”

“నాన్న ఊరుకున్నాడు కాబట్టే నేను ఊరుకోను,” అని పెట్టేసింది.

ఇప్పుడు మైకులో చంద్రశేఖర్ గొంతు మోగుతోంది. “ఆ మహనీయుడి మనవరాలు అనసూయమ్మగారిని శాలువాతో...”

అనసూయ శాలువా కప్పనివ్వలేదు. నేరుగా అద్దాల పెట్టె దగ్గరకి వెళ్ళి, అట్టముక్క తీసి రెండు ముక్కలు చేసింది. ఆమె మైకు అందుకుంది.

“ఈ జెండా కుట్టింది అబ్దుల్ లతీఫ్‌గారు. రేవులో గోదాము కప్పెక్కి ఎగరేసిందీ ఆయనే. ఆయన మనవరాలు మూడో వరసలో కూర్చుంది. శాలువా ఆవిడకి కప్పండి.”

సఫియా సగం లేచింది. “వద్దు టీచరుగారూ, నా గురించి గొడవెందుకండీ?”

“గొడవ నాది. నువ్వు కూర్చో.”

చంద్రశేఖర్ మైకుకి చెయ్యి అడ్డం పెట్టి గొంతు తగ్గించాడు. “మీ తాతగారి పేరుతో శిలాఫలకం కూడా చెక్కించేశామండీ.”

“పగలగొట్టించండి.”

ఆ మాట హాలు చివరిదాకా వినపడింది. ఇక దాచి లాభం లేదని చంద్రశేఖర్ కూడా గొంతు పెంచాడు. “దర్జీ కాబట్టి కుట్టి ఉంటాడు, కాదన్ను. కుట్టినంత మాత్రాన ఎగరేసినట్టేనా? ఏ రికార్డులోనూ ఆ పేరు లేదు. రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పను? ఆయన ఎగరేస్తుండగా ఎవరు చూశారండీ?”

“మా తాత చూశాడు. ఆయన నోటితో చెప్తుంటే చిన్నప్పుడు నేను విన్నాను.”

చంద్రశేఖర్ మొహం విప్పారింది. “అదీ సంగతి! ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా అమ్మా! అంటే మీ తాతగారు ఆయన పక్కనే ఉన్నారన్నమాట. ఇద్దరి పేర్లూ వేసేద్దాం. బందరులో హిందూ ముస్లిం కలిసి ఎగరేసిన జెండా! ఇంకా బావుంటుంది.”

చప్పట్లు మోగాయి. సఫియా కూడా కళ్ళు తుడుచుకుని, నవ్వుతూ, సరేనన్నట్టు తలూపింది.

అనసూయ చప్పట్లు ఆగేదాకా నిలబడింది. తర్వాత సఫియా మొహంలోకి సూటిగా చూస్తూ మైకులో అంది.

“పక్కనే ఉన్నాడు, నిజమే... లతీఫ్‌గారిని కప్పు మీంచి కిందకి ఈడ్చి, లాఠీతో గొడ్డుని బాదినట్టు బాది, ఈ జెండా లాక్కున్న హెడ్ కానిస్టేబుల్ మా తాతేనండీ.”