వెనక సీట్లో దొరగారు

“ఇంకొక్క మాట మాట్లాడారంటే నేను బండి తియ్యను,” అంది భార్య, చేతిలో తాళం పట్టుకుని. “డాక్టరమ్మ ఏం చెప్పిందో అప్పుడే మరిచిపోయారా?”

డ్రైవింగు స్కూలు మాస్టారు నోరు మూసుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా స్టీరింగు ఎదుటివాళ్ల చేతికిచ్చి, తాను మాత్రం నోటితోనే బండి నడిపిన మనిషి. మెట్ల మీద జారి విరగ్గొట్టుకున్న కుడికాలికి పిండికట్టు వేయించుకుని, ఇప్పుడు వెనక సీట్లో అడ్డంగా కూర్చున్నాడు. పక్కన బెల్టు బిగించిన బుట్ట, బుట్ట మీద పాత దుప్పటి, దాని కింద తెల్లటి పిల్లి.

మూడు నెలల కిందట గోడ దూకి వచ్చి ఇంట్లో మకాం పెట్టిన పిల్లి అది. ఎంత పిలిచినా తల తిప్పి చూడదు. ఆ పొగరు చూసి మాస్టారే దానికి దొర అని పేరు పెట్టి, నెత్తిన పెట్టుకున్నాడు. అంత దొరకీ కారంటే మాత్రం ప్రాణభయం. మొదటిసారి ఎక్కించినప్పుడు వీధి మలుపు తిరిగేలోగా లోకం దద్దరిల్లేలా ఏడ్చి, సీటంతా కక్కి, మాస్టారి ముంజేతిని గీరిపారేసింది.

భార్యకి ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. వేరే ఊరికి బదిలీ అయింది, మర్నాడు పొద్దున్నే చేరాలి. సామాను ముందే లారీలో వెళ్లిపోయింది. మిగిలింది తొమ్మిది గంటల దారి, ఈ పిల్లి, ఈ కాలు. తన శిష్యుల్లో ఎవడినో ఒకడిని పిలుద్దామన్నాడు మాస్టారు. కొత్త మనిషిని చూస్తే దొర బెదిరిపోతుంది, నేనే నడుపుతానంది ఆవిడ.

ఆవిడకి లైసెన్సు లేకపోలేదు. మాస్టారు దగ్గరుండి చూసిన రెండు పరీక్షలూ తప్పింది. ఆయన జ్వరంతో పడుకున్న రోజున మూడోది నెగ్గింది. ఆ తర్వాత ఆరేళ్లలో ఆయన ఆవిడకి తాళం ఇచ్చింది కారు లోపల తుడవడానికే.

ఆయన సరేనన్నాక, ఆవిడ ఒక్కతే పిల్లిని తీసుకుని కాలినడకన పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి సలహాలన్నీ కనుక్కుని వచ్చింది. వారం ముందునుంచే బుట్ట తలుపు తీసి హాల్లో పెట్టి పిల్లికి అలవాటు చెయ్యాలట. బయల్దేరే రోజున నాలుగు గంటల ముందే తిండి ఆపెయ్యాలట. ఇంటిమనిషి తొడిగి విడిచిన చొక్కా, ఉతక్కుండా, బుట్టలో పరవాలట. ఆ చొక్కా తనదే కావాలని మాస్టారు పట్టుబట్టాడు. అన్నిటికంటే ముఖ్యంగా, దారిలో మాటలు వినపడకూడదట. మగగొంతు అసలే పనికిరాదట.

“గుసగుసగా అయితేనో?” అని అడిగాడాయన.

“గుసగుసకి ఇంకా భయపడుతుందట.”

మొదటి గంట మాస్టారికి నరకమే అయింది. మూడో గేరులో పోవాల్సిన చోట ఆవిడ రెండులో పోతోంది. ఆయన ఎడమకాలు లేని క్లచ్చుని తొక్కింది, కట్టులోని కుడికాలు లేని బ్రేకుకోసం కొట్టుకుంది. నోరు తెరవబోయినప్పుడల్లా ఆవిడ అద్దంలోంచి చూసి, గడ్డంతో బుట్టవైపు సైగ చేసేది. ఆయన చెయ్యి దుప్పటి కిందకి పోనిచ్చి దొర వీపు నిమిరేవాడు. కాసేపు సన్నగా మూలిగి, చొక్కా చంకభాగంలో తల దూర్చి, అది నిద్రపోయింది.

కొండదారి ఎక్కుతుండగా వెనకనుంచి ఒక లారీ చెవులు పగిలేలా హారను కొట్టింది. దొర మీసం కూడా కదల్లేదు. అంతా తన చొక్కా మహిమేనని మాస్టారు మురిసిపోయాడు. ముందు ఆవిడేదో కూనిరాగం తీస్తోంది. ఆయన ఆవిడ భుజం తట్టి బుట్ట చూపించాడు.

“ఆడగొంతు పరవాలేదట,” అందావిడ, రాగం ఆపకుండా.

మరో మలుపులో ఎదురుగా ఒక బస్సు తన వైపు వదిలేసి మీదికే వచ్చింది. మాస్టారికి కేక గొంతుదాకా వచ్చింది. పక్కనే దొర. గుటక వేశాడు. అప్పటికే ఆవిడ వేగం తగ్గించి, పక్కకి తప్పుకుని, బస్సుని పోనిచ్చి, కుదుపు లేకుండా గేరు మార్చింది. తానైనా అలాగే చేసేవాడు. ఒక క్షణం ఆలస్యంగా చేసేవాడేమో.

ఆ తర్వాత మాస్టారి కాళ్లు ఊరుకున్నాయి. మొదటిసారి ఆవిడ చేతుల్ని చూశాడు. తన పక్కన కూర్చుని నేర్చుకున్న రోజుల్లో ఆ చేతులు వణికేవి. ఇప్పుడు వణకడం లేదు. అప్పుడెందుకు వణికాయో తొమ్మిది గంటల్లో ఆలోచించుకోవడానికి ఆయనకి కావలసినంత తీరిక దొరికింది.

సాయంత్రానికి కొత్త ఇల్లు చేరారు. బుట్ట తలుపు తియ్యగానే దొర ఒళ్లు విరుచుకుని, ఇల్లంతా తనదే అన్నట్టు గదులు చూడబోయింది. మాస్టారు విప్పని పెట్టె మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

“నువ్వు బాగా నడుపుతావు. నేనే ఇన్నాళ్లూ చూడలేదు.”

ఆవిడ ఆయనకేసి ఓసారి చూసి, కారు తాళం తన సంచిలో వేసుకుని, పిల్లికి నీళ్లు పట్టడానికి లోపలికి వెళ్లింది. అంతలో ఆవిడ ఫోను మోగింది. డాక్టరమ్మ. మాస్టారే తీశాడు. దొర ప్రయాణం ఎలా సాగిందని అడిగితే, నిద్ర దగ్గర్నుంచి చొక్కాదాకా పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాడు.

“తొమ్మిది గంటలూ నోరు విప్పలేదు డాక్టరుగారూ. మీరు చెప్పినవాటిల్లో అదే బాగా పనిచేసింది.”



“చొక్కా పరవమన్నాను, తిండి ఆపమన్నాను,” అంది డాక్టరమ్మ మెల్లిగా. “మాట్లాడొద్దని నేనెందుకంటానండీ? ఆవేళ పరీక్ష చేసి మీ ఆవిడకి చెప్పాను కదా.”

“ఏమని?”

“మీ దొరకి పుట్టుచెవుడు.”