కోడ్ వరుసల మధ్య

కంప్యూటర్ నాకు రాదు కాబట్టి ఇది రాయకుండానే వదిలేద్దామనుకున్నాను. రేడియో బాగుచెయ్యడమైతే పుస్తకం చూసి నేర్చుకున్నాను గానీ, అది వేరే సంగతి.

సకల జనుల సమ్మె నాటి మాట. తెలంగాణ ఉద్యమం వెబ్‌సైట్ నడిపేవాళ్ల కోసం పోలీసులు వెతుకుతున్నారని, వాళ్లలో ఒకడైన మధుకర్ చైతన్యపురిలో మా మేడ మీదికి కిరాయికి మారాడు. అతని దోస్తు మహేష్ ఎల్బీనగర్‌లో ఉంటాడు. ఎక్కడివాళ్లక్కడే ఉండి, నెట్‌లో ఒకే పేజీ తెరిచి ఇద్దరూ కోడ్ రాసేవారు. ఫోన్లు ఎవరైనా వింటారని, మాటలు కూడా ఆ కోడ్ వరుసల మధ్యే రాసుకునేవారు.

ఆ సాయంత్రం నేను పక్కన కూర్చుని ఉండగా, మహేష్ పేరుతో ఒక వరుస పడింది: "కొత్త రూం ఏడ అన్నా? నాకు సుత చెప్పవా?"

"చాయ్ కోసమే గదరా నీ పరేషాన్!" అని నవ్వుతూ, మధుకర్ ఇంటి నంబరుతో సహా చిరునామా కొట్టాడు.

"వస్తున్న," అని జవాబొచ్చింది.

పావుగంటకు మధుకర్ ఫోన్ మోగింది. తెలియని నంబరు, గొంతు మాత్రం మహేష్‌దే.

"అన్నా, ఠాణాలకెల్లి నన్ను ఇప్పుడే ఇడిచిండ్రు. పొద్దుగాల్నే నా లాప్‌టాప్ గుంజుకున్నరు. జర పైలం, గా పేజీల ఏం రాయకు."

మధుకర్ నా వైపు చూశాడు.

కింద ఎవరో మర్యాదగా గేటు తట్టారు. ఇంటి యజమానిని కదా, నేనే వెళ్లి తీశాను.