పైకి అనకూడని మాట

ఆరో ఇన్నింగ్స్ సగానికొచ్చేసరికి ఆగీ చేతిలో సాసేజ్ బన్ను చల్లారి గట్టిపడిపోయింది. అయినా కొరకడానికి వీల్లేదు. రెండో ఇన్నింగ్స్‌లో కొరకడం ఆపాడు, అప్పట్నుంచీ అన్నీ కలిసొస్తున్నాయి. పక్కన బెర్నీస్‌కి గంట నుంచీ బాత్‌రూమ్‌కి వెళ్లాలనుంది. వెళ్లదు. ఇప్పుడు సీట్లోంచి కదిలితే ఇంకేమైనా ఉందా!

క్లెమ్ ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తున్నాడు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి. ఊళ్లో ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. లేక్‌పోర్ట్ హెరాన్స్ బేస్‌బాల్ జట్టు సొంతూళ్లో ఆడే ప్రతి ఆటకీ నలభై ఒక్కేళ్లుగా ఇదే వరస, ఇదే కుర్చీ. అవతలి జట్టులో ఒక్కణ్ణి కూడా మొదటి బేస్ తొక్కనివ్వకుండా, వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఇరవై ఏడుసార్లు అవుట్ చేసే ఆట ఒక్కటి కళ్లారా చూడాలని ఆయన కోరిక. హెరాన్స్ చరిత్రలో అది ఒకేసారి జరిగింది. ఆ రోజు క్లెమ్ బావమరిది పెళ్లిలో ఉన్నాడు. ఆ పెళ్లి పద్నాలుగు నెలలకే పెటాకులైంది. బావమరిదితో క్లెమ్‌కి ఇప్పటికీ మాటల్లేవు.

ఇవాళ హెరాన్స్ తరఫున బంతి విసిరే పిచ్చర్ కుర్రాడు అదే దారిలో ఉన్నాడు. పదిహేడు మంది వచ్చారు, పదిహేడు మందీ పోయారు. ఇలాంటప్పుడు స్టేడియంలో ఎవరూ ఆ సంగతి ఎత్తరు. ఎత్తితే దిష్టి తగిలినట్టే. అందుకే ఆ వరసలో అందరూ వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు. ఏప్రిల్ రెండో వారం. సరస్సు మీంచి గాలి చెవులు కోసేస్తోంది.

వచ్చిన చిక్కల్లా క్లెమ్ పక్క కుర్చీలో కూర్చున్న కొత్తావిడతో. యాభై దాటి ఉంటాయి. ఏ జట్టు టోపీ లేదు. ఈ ఆట తనకు బొత్తిగా తెలీదని మొదట్లోనే చెప్పేసింది. అప్పట్నుంచీ ప్రశ్నలే. బ్యాట్ పట్టినవాడి వెనకాయన అలా గొంతుక్కూర్చుంటే మోకాళ్లు నొప్పెట్టవా, ఆ టోపీ ఆయన చేతులు అలా ఊపుతాడెందుకు, ఇంత చలిలో బ్యాట్‌కి బంతి తగిలితే అరచేతులు మండిపోవూ. జాలిగుండె అనుకున్నాడు క్లెమ్.

ఆట వేడెక్కకముందు క్లెమ్, ఆగీ, బెర్నీస్ ముగ్గురూ మామూలుగానే కొట్లాడుకున్నారు. ఏప్రిల్ లెక్కలు నీళ్ల మీద రాతలని ఆగీ, జట్టు బతుకు ఏప్రిల్‌లోనే తేలిపోతుందని బెర్నీస్. ముగ్గురి మాటా కలిసింది అవతలి జట్టులో ముప్పై ఒకటో నంబరు చొక్కా కుర్రాడి దగ్గరే. ఈ ఏడే కొత్తగా వచ్చాడు, అందరికంటే చివర్న బ్యాటింగ్. పంతొమ్మిదిసార్లు దిగి, బంతిని కొట్టి బేస్ చేరే హిట్ ఒక్కటీ కొట్టలేదు. ఇవాళ కూడా సున్నా చుడితే రేపు పొద్దున్నే బస్సెక్కించి కింది లీగుకి తోలేస్తారని ఆగీ తేల్చేశాడు. ఆ బస్సు ఎన్ని గంటలకో కూడా అడిగింది కొత్తావిడ.

ఆ ముప్పై ఒకటే ఇప్పుడు దిగుతున్నాడు. పద్దెనిమిదో మనిషి.

"ఏవండీ, ఆ బోర్డు మీద వాళ్లకి అన్నీ సున్నాలేనేంటి?" అంది కొత్తావిడ.

ఆగీ కళ్లు మూసుకున్నాడు. బెర్నీస్ ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుంది. క్లెమ్ ఆవిడ వైపు వంగి గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆ బోర్డు చూడకండి. చూసినా చదవకండి. చదివినా పైకి అనకండి."

"అంటే ఏమవుతుంది?"

"అన్న మరుక్షణం పోతుంది."

"ఏది?"

"అదే."

"ఎవరన్నా పోతుందా? నాలాంటి కొత్తవాళ్లన్నా?"

"ఎవరన్నా అంతే తల్లీ."

ఆవిడ బుద్ధిగా తలూపింది. ముప్పై ఒకటో నంబరు మూడు బంతులకే అవుటై తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆవిడ నోరు మెదపలేదు. ఏడు గడిచింది, ఎనిమిదీ గడిచింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు పోయారు. ఇరవై ఆరు. ముప్పై వేల మంది లేచి నిలబడ్డారు, ఒక్కరి నోట మాట లేదు. మళ్లీ బ్యాటింగ్ వరస చివరికొచ్చింది. మళ్లీ ముప్పై ఒకటే. వాడు బ్యాట్‌ని పట్టి, వదిలి, మళ్లీ పట్టుకుంటున్నాడు. ఇంతకన్నా తేలికైన అవుట్ ఏముంటుంది! క్లెమ్ కళ్లల్లో అప్పుడే నీళ్లు తిరిగాయి.

అప్పుడు కొత్తావిడ, రైలు ప్రకటన చదివినంత స్పష్టంగా, పైకే అంది.

"ఇంతవరకూ వాళ్లలో ఒక్కడు కూడా మొదటి బేస్ చేరలేదు. ఇంకొక్కడు అవుటైతే చాలు, పర్ఫెక్ట్ గేమ్."

టక్‌మని బ్యాట్ చప్పుడైంది. బంతి రెండో బేస్ మీదుగా పోయి పచ్చిక మీద మెత్తగా పడింది. ముప్పై ఒకటో నంబరు మొదటి బేస్ మీద నిలబడి, అక్కడికి ఎలా వచ్చాడో తెలీనట్టు చుట్టూ చూశాడు.

ఆట కాసేపు ఆగింది. ఎవరికైనా జీవితంలో మొదటి హిట్ అయితే ఆ బంతిని దాచి వాడికే ఇవ్వడం ఆనవాయితీ. వాడు దాన్ని ఇంటికి పంపుకుంటాడు. బంతి అవతలి జట్టు బెంచీకి చేరింది. తర్వాతివాడు ఒక్క బంతికే అవుటయ్యాడు. హెరాన్స్ 2–0తో గెలిచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆగీ తన బన్ను కొరికాడు. బెర్నీస్ బాత్‌రూమ్‌కి పరిగెత్తింది.

క్లెమ్ నలభై ఒక్కేళ్ల కోరిక మళ్లీ చెయ్యిజారింది. అయినా పెద్దమనిషి కదా, ఆవిడ మొహం చూసి తనే ఓదార్చాడు.

"మీ తప్పేం లేదమ్మా. తెలీక అన్నారు."

ఆవిడ ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, క్షమించమంది. నిజంగానే ఏడుస్తోంది.

ఇంతలో స్టేడియం మనిషి ఒకడు మెట్లెక్కి వచ్చి, క్లెమ్ మోకాళ్లు దాటి, పచ్చిక మరక పడిన బంతిని ఆవిడ ఒళ్లో పెట్టి, "మీ అబ్బాయి మీకిమ్మన్నాడమ్మా" అన్నాడు.