గాలి కొడుతున్న చప్పుడు

పొద్దున వంతెన కొట్టుకుపోయిందని దారి మార్చుకున్నాం. మధ్యాహ్నం బురదలో చక్రాలు దిగబడుతుంటే మళ్లీ మార్చుకున్నాం. చీకటి పడేసరికి, కొండ మొదట్లో నా సైకిల్ వెనక టైరు పంక్చరైంది.

"ఇక నా వల్ల కాదురా. ఈ కొండ రేపు దాటుదాం."

"రోజూ ఇదే పాట, అక్కా!" తమ్ముడు సణిగాడు.

దారి పక్కన పాడుబడ్డ రేకుల షెడ్డు కనిపిస్తే, సైకిళ్లు బయట పెట్టి లోపలికెళ్లి గడియ వేసుకున్నాం. పోట్లాడుకుంటూనే రొట్టె తిన్నాం.

అప్పుడు బయట టైరుకి ఎవరో గాలి కొడుతున్న చప్పుడు మొదలైంది. బుస్, బుస్, తీరిగ్గా.

"పంపు బయటే వదిలేశావా?" గుసగుసగా అడిగాను.

వాడు తన ఒళ్లోని పంపు చూపించాడు.

చప్పుడు ఆగింది. టైరు మీద ఎవరో తట్టి చూశారు. తర్వాత నా సైకిల్ బెల్లు విసుగ్గా మోగడం మొదలైంది, ఇంకా ఎంతసేపన్నట్టు.