పాణానికొక రాయి

"గొర్రెలను చూడనియ్యకుంటే దాణా ఎట్ల రాయాలె అవ్వా? గాలిల చూసి రాయాల్నా?"

కరువు దాణా పంచే ఇన్‌స్పెక్టరు ఉపేందర్‌రావు జీపు దిగకుండానే అడిగాడు. దిగితే ఎండ. ఎనభై ఆరులో ఆ ఎండ అందరి మీదా ఒకేలా కాసినా, ఆఫీసర్లకు మాత్రం కాస్త ఎక్కువ తగిలేది.

పదిహేను రోజుల కింద ఇదే సమ్మవ్వ ఆయన జీపుకు అడ్డం నిలబడి, కురుమవాడకు జొన్నలు ఇప్పించమని అడిగింది. చేలల్లో మంద నిలిపి, గొర్రెల ఎరువుకు బదులు రైతుల దగ్గర జొన్నలు కొలిపించుకోవడం వాళ్ల బతుకు. మూడేళ్లుగా ఎండలు మాఘంలోనే ముదురుతున్నాయి. శివరాత్రికే వాగు ఇంకిపోతోంది. గడ్డి మొలవక ముందే మాడుతోంది. రైతుల గాదెల్లోనే గింజ లేనప్పుడు వాళ్లేం కొలుస్తారని ఆమె మొర.

ఉపేందర్‌రావు ఓపికగానే విన్నాడు. ఎండకాలం ఎండ కొట్టక మంచు పడుతుందా అని అడిగి, తన మాటకు తానే నవ్వుకున్నాడు. తర్వాత సంగతి తేల్చి చెప్పాడు. మనుషుల ఆకలి వేరే ఆఫీసుది, దానికి ఇంకా కాగితం రాలేదు. తనది గొర్రెల ఆకలి. దానికి కాగితమూ వచ్చింది, జొన్నలు కలిపిన దాణా కూడా వచ్చింది. గొర్రెలుంటే చెప్పమన్నాడు, రాసుకుంటానన్నాడు. సమ్మవ్వ కాసేపు ఆలోచించి, ఉన్నాయంది.

ఇప్పుడేమో దొడ్డి చూపించనంటోంది.

"ఈనిన తల్లులున్నయి సారు. పరాయి నీడ పడొద్దు. పాణమున్నదాన్ని ఏలు వెట్టి లెక్కవెడితే దిష్టి తాకుతది. మా తాతల నుంచి రాళ్లతోనే లెక్క. పాణానికొక రాయి."

వాడ చివర ముళ్లకంప దడి వెనక గంట చిన్నగా మోగింది. గొర్రెల ఒంటి మీద పిడుదులుంటాయని గుర్తొచ్చి, ఉపేందర్‌రావుకు పెద్దల ఆచారాల మీద ఎక్కడలేని గౌరవం కలిగింది. సరే, రాళ్లే తెమ్మన్నాడు.

ఆమె సంచి విప్పి జీపు సీటు మీద కుమ్మరించింది. నలభై రెండు. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. పెద్దవి పెద్దవాటికి, చిన్నవి పిల్లలకు అని చెప్పి, ఒక తెల్లరాయిని వేలితో నిమిరింది. అది మొన్న అమాసకు పుట్టినదానిదట. తల్లికి పాలు పడలేదట. దాణా తింటే అవే పడతాయని ఆయన ధైర్యం చెప్పాడు.

అప్పుడామె ఒక నల్లరాయిని ఏరి పక్కన పెట్టింది.

"గిది తీసెయ్యి సారు. పొద్దుగాల పోయింది."

"ఏం రోగం? అంటురోగమైతే మళ్ల నాకు పరేషాన్."

"రోగం లేదు. ముసలి పాణం. ముంగట వెట్టింది తినకుండ పక్కకు జరిపేది. పిల్లలు తిన్నంక మిగిలితె తినేది. ఈమధ్య మిగులుత లేదు."

"గొర్రెలల్ల గూడ సాధువులుంటయన్నట్టు," అని ఆయన నవ్వాడు. అంతలోనే ఆమె అమాయకత్వానికి జాలిపడ్డాడు. "ఉండనియ్యరాదే పిచ్చిదానా. ఒక పాణం దాణా ఎక్కువొస్తది."

"వద్దు సారు. లేనిదాని పేరు మీద తినొద్దు."

ఆయన నలభై ఒకటి అని రాశాడు. కులపెద్ద వేలిముద్ర పడితే గాని బస్తాలు దిగవన్నాడు. కులపెద్ద అంటే సమ్మవ్వ పెనిమిటి గట్టయ్యే. ఏడి అని అడిగితే, పండుకున్నాడంది. తలుపు సందులోంచి చూస్తే నిజమే, ముసుగుతన్ని గొంగడి కప్పుకొని ఉన్నాడు. తనకు ఫ్యాను కింద కూడా నిద్ర పట్టని ఎండలో గొంగడి కింద నిద్రపోయే మనిషిని చూసి ఉపేందర్‌రావుకు ఒళ్లు మండింది.

"లేపు. దాణా కావాల్నా, నిద్ర కావాల్నా?"

సమ్మవ్వ కాగితం, సిరా డబ్బా తీసుకొని లోపలికి పోయింది. బయటికి వచ్చేసరికి ముద్ర పడి ఉంది.

"లేవకుండనే ఏలు వెట్టిండా?" అన్నాడాయన. "మా ఆఫీసుల ఉండాల్సినోడు."

అరుగు మీద పదిమంది ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చున్నారు. ఒక్కరూ పెదవి కదపడం లేదు. ఇంతమంది ఆడవాళ్లు ఇంత మౌనంగా ఉండటం ఆయన సర్వీసులో చూడలేదు. తన హోదాకు దక్కిన మర్యాద అనుకొని చొక్కా సర్దుకున్నాడు. ఆ మర్యాదలో భాగంగా చాయ్ కూడా రావాలని చూశాడు. రాలేదు. నోరు తెరిచి అడిగితే, పొద్దుటి నుంచి పొయ్యి ముట్టించలేదంది సమ్మవ్వ. పగలు మగవాళ్ల నిద్ర, ఆడవాళ్లకు పొయ్యి ముట్టించడానికి కూడా బద్ధకం. కరువు రాక ఏం వస్తుంది?

అయినా ఆయన ధర్మాత్ముడు. నెలకు సరిపడా ఆరు బస్తాలు దింపించాడు. చుట్టుపక్కల వాడలన్నీ మందలను లక్సెట్టిపేట సంతకు తోలేసి చేతులు దులుపుకుంటే, ఈ వాడ ఒక్కటే గొర్రెలను కడుపున పెట్టుకొని కాపాడుతోందని రిపోర్టులో మెచ్చుకుంటూ రాశాడు. పోతూ పోతూ, దాణా గొర్రెలే తినాలని హెచ్చరించాడు.

జీపు వాగు దాటింది.

దడి వెనక నుంచి సమ్మవ్వ తోడికోడలు శంకరవ్వ గంట పట్టుకొని ఒక్కతే వచ్చింది. దొడ్డికి కంప అడ్డం పెట్టలేదు. హోళీ పండుగ నాటి నుంచి అందులో మూసి ఉంచాల్సిందేమీ లేదు.

సమ్మవ్వ లోపలికి పోయి, గట్టయ్య బొటనవేలికి అంటిన సిరా కొంగుతో తుడిచింది. నల్లరాయిని ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు ముడిచింది.

వాడలో ఇక మనుషులు నలభై ఒక్కమంది.