చంకలో సముద్రాలు

"భూమి ఇట్లా నిటారుగా తిరుగుతుందా, అయ్యవారూ?"

బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు మాటకు, ఎర్ర తలపాగా చుట్టి సూర్యుడై బల్లెక్కిన చెంగల్రాయుడు గతుక్కుమన్నాడు. యుద్ధం ముగిశాక పంపుతామన్న గ్లోబు చంద్రగిరి బడికి ఇంకా రాలేదు. రెండో ఫారం తరగతిలో చెంగల్రాయుడు భూమిగా నిలబెట్టిన పిల్లవాడేమో గడకర్రలా తిరుగుతున్నాడు.

అంతలో ఆ తరగతి పిల్ల తాయమ్మ గుమ్మంలోకి వచ్చింది, చంకలో నిండుబిందెతో, ఒక పక్కకు ఒరిగి. బడికి తాగే నీళ్లు రోజూ తెచ్చేది ఆ పిల్లే. ఆలస్యమైందని రోజూ బయట నిలబెట్టేది చెంగల్రాయుడే.

"తాయమ్మా, నువ్వే భూమివి! అట్లే ఒరిగి, గిర్రున తిరుక్కుంటా నా చుట్టూ రా!"

తాయమ్మ తిరిగింది. బిందె తొణికి ఇన్‌స్పెక్టరు కోటు తడిసింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ఇన్‌స్పెక్టరుకూ నవ్వు ఆగలేదు.

"సరే, భూమి ఎందుకు ఒరిగిందో చెప్పు పాపా!"

చెంగల్రాయుడు తలపాగా సర్దుకున్నాడు. అది ఆయనకే తెలియదు.

"సముద్రాలన్నీ సంకలో పెట్టుకోనుండాది గదయ్యా!" తాయమ్మ రొప్పుతూనే నవ్వింది. "అంత బరువు మోసేది నిటారుగా యాడ నిలబడతాది?"

తరగతంతా గొల్లుమని నవ్వింది.

సూర్యుడు మాత్రం బల్ల దిగి వచ్చి, భూమి చంకలోని బిందె అందుకున్నాడు.